టెక్ సందేహాలు: ఫ్యూజ్ ఉన్నా మాస్‌ఫెట్ కాలిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టుకు 12 వోల్టుల డీసీ మోటార్లతో రోబో బండి చేస్తున్నాం. మామూలుగా బాగానే నడుస్తుంది. గోడకు తగిలి ఆగినా, ఒక్కసారిగా వెనక్కి తిప్పినా మాస్‌ఫెట్లు (మోటార్‌కు కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలిపోతున్నాయి. ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టమన్నారు. పెట్టాం. ఫ్యూజ్ బాగానే ఉంది, మాస్‌ఫెట్ మళ్లీ పోయింది. – ఇంజినీరింగ్ విద్యార్థి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఫ్యూజ్‌లో తీగ కరగడానికి కొంత టైమ్ పడుతుంది. మాస్‌ఫెట్ అంతసేపు తట్టుకోలేదు. అయినా ఫ్యూజ్ తీసేయకండి, వైర్లు కాలకుండా అది ఉండాల్సిందే.

ముందు మీ మోటార్ ఎంత కరెంటు లాగగలదో తెలుసుకోండి. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌తో మోటార్ టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్ట్‌ను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు రీడింగులు తీసి, అన్నిటికన్నా తక్కువది తీసుకోండి. అది 1.5 ఓమ్‌లు అనుకుందాం. తిరుగుతున్న మోటార్ తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అందుకే కరెంటు అదుపులో ఉంటుంది. చక్రం ఆగిందా, ఆ ఎదురు వోల్టేజీ ఉండదు: 12ను 1.5తో భాగిస్తే 8 ఆంపియర్లు! ఫుల్ స్పీడులో దిశ మారిస్తే ఇంకా ప్రమాదం. అప్పటిదాకా బ్యాటరీకి ఎదురు నిలిచిన వోల్టేజీ ఇప్పుడు దానికి తోడై, కరెంటు దాదాపు రెట్టింపవుతుంది.

అందుకని కరెంటు ఒక లిమిట్ దాటకుండా ఆపాలి, ఉదాహరణకు 4 ఆంపియర్లు. బ్రిడ్జికీ (మోటార్ దిశ మార్చే మాస్‌ఫెట్ల సర్క్యూట్) గ్రౌండ్‌కీ మధ్య 0.05 ఓమ్, 2 వాట్ల షంట్ రెసిస్టర్ (కరెంటు కొలిచేందుకు పెట్టే చిన్న రెసిస్టర్) పెట్టండి. 4 ఆంపియర్లు పోతే దాని మీద 0.2 వోల్టులు వస్తాయి. ఎల్‌ఎం393 కంపారేటర్ (రెండు వోల్టేజీలను పోల్చే చిప్) ఆ గీత దాటడం చూసి పీడబ్ల్యూఎం (మోటార్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ స్పీడు మార్చే సిగ్నల్) పల్స్‌ను అక్కడికక్కడే ఆపాలి, తర్వాతి పల్స్‌కు మళ్లీ వదలాలి. కంపారేటర్ ముందు చిన్న ఆర్‌సీ ఫిల్టర్ (ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్) తప్పనిసరి, లేకపోతే స్విచింగ్ స్పైక్‌లకే ఆగిపోతుంది. ఈ పని ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు) కోడ్‌కు మాత్రం అప్పగించకండి. ఆర్డుయినో ఊనో మోడల్‌లో ఒక్క అనలాగ్ రీడింగ్‌కే దాదాపు 100 మైక్రోసెకన్లు పోతాయి.

ఇంత సర్క్యూట్ కట్టే ఓపిక లేకపోతే, మోటార్‌కొకటి చొప్పున డీఆర్‌వీ8871 చిప్ (కరెంటు లిమిట్ తనలోనే ఉన్న మోటార్ డ్రైవర్) ఉన్న బోర్డు కొనండి. నేనైతే మీకు ఇదే చెబుతాను. దీని లిమిట్‌ను ఒకే రెసిస్టర్ నిర్ణయిస్తుంది: 64ను కిలోఓమ్‌లతో భాగించడమే, 32 కిలోఓమ్‌లు పెడితే 2 ఆంపియర్లు. గరిష్ఠం 3.6 ఆంపియర్లు.

టార్క్ (మోటార్ తిప్పే బలం) కరెంటును బట్టే వస్తుంది కాబట్టి లిమిట్ మరీ తగ్గిస్తే బండి ర్యాంప్ ఎక్కదు. నిండు బరువుతో ఎక్కించి, అప్పుడు లాగే కరెంటు కొలిచి, దానికి కాస్త పైన పెట్టుకోండి. వెనక్కి తిప్పేముందు పీడబ్ల్యూఎంను మెల్లగా సున్నాకు దించి, మోటార్ ఆగాకే దిశ మార్చండి.