దీవి కింద తేలే మంచినీరు, గొట్టాల్లో కారిపోయే మంచినీరు

చిన్న దీవుల్లో తాగునీటి నిర్వహణ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: చుట్టూ ఉప్పు సముద్రం ఉండగా, కిలోమీటరు వెడల్పు కూడా లేని పగడపు దీవిలో బావి తవ్వితే తియ్యటి నీరు ఎలా పడుతుంది? అదే బావిని ఇంకా లోతు చేస్తే ఉప్పగా ఎందుకు మారుతుంది?

జవాబు: పగడపు ఇసుకలో ఇంకిన వాననీరు కిందనున్న సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. లీటరు మంచినీరు కిలో తూగితే లీటరు సముద్రపు నీరు దాదాపు 1.025 కిలోలు తూగుతుంది. ఆ స్వల్ప తేడా వల్లనే మంచినీరు దీవి నడుమ మందంగా, తీరం వైపు పలచబడుతూ కటకం ఆకారంలో నిలబడుతుంది. 19వ శతాబ్దం చివర డచ్చి ఇంజనీరు గైబెన్, 1901లో జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా కట్టిన లెక్క ప్రకారం, భూగర్భ జలమట్టం సముద్రమట్టం కంటే ఎంత ఎత్తున ఉంటే, దానికి 40 రెట్ల లోతు దాకా మంచినీరు ఉంటుంది. అర మీటరు ఎత్తుంటే 20 మీటర్ల లోతన్న మాట. కాగితం మీద ఇది ఘనంగానే కనిపిస్తుంది గానీ, ఆటుపోట్లు రోజూ కదిలించడం వల్ల అడుగున కొన్ని మీటర్ల మేర రెండు నీళ్లూ కలగలిసిన పొర ఏర్పడుతుంది; తాగడానికి పనికొచ్చేది దాని పైనున్నది మాత్రమే.

ఇదే లెక్కను తిరగేసి చదివితే మీ రెండో సందేహం తీరుతుంది. ఒకేచోట మోటారు పెట్టి జలమట్టాన్ని 10 సెంటీమీటర్లు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమంలో 4 మీటర్ల దాకా పైకి ఉబకడానికి దారి దొరుకుతుంది. అందుకే కిరిబాటి దేశంలోని దక్షిణ తరావాలో, బొన్రికి వంటి నీటి సంరక్షిత ప్రాంతాల్లో, లోతైన బోర్లకు బదులు జలమట్టానికి కాస్త దిగువన చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, విశాలమైన మేర నుంచి కొద్దికొద్దిగా తోడుకుంటారు. పాల మీది మీగడను తీసినట్టు తీయాలి. గరిటె లోతుకు దిగకూడదు.

ప్రశ్న: గొట్టాల్లోంచి కారిన నీరు తిరిగి ఆ దీవి భూమిలోకే ఇంకుతుంది కదా, దాన్ని నష్టమని ఎలా అంటారు? లీకేజీలు వెతకడానికి పెట్టే డబ్బుతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కట్టుకుంటే సరిపోదా?

జవాబు: మొదటి సగం చాలా పదునైన ప్రశ్న, వృత్తిలో ఉన్నవారు కూడా అడిగేదే. కారిన నీటిలో కొంత భాగం భూమిలోకి చేరుతుందన్నది నిజమే. అయితే ఎక్కడ చేరుతుందన్నది చూడాలి. నీటిని తోడేది కటకం మందంగా ఉన్న నడిభాగం నుంచి. గొట్టాలు, ఇళ్లు ఉండేది చాలా దీవుల్లో తీరం వెంబడి, కటకం పలచబడే చోట. అక్కడ ఇంకిన నీరు ఎక్కువ కాలం నిలవదు, సముద్రంలోకి జారిపోతుంది. నిలిచిన కొద్దిపాటి నీటిలోనూ మరుగుదొడ్ల గుంతల నుంచి ఊరే మురుగు కలుస్తుంది. తోడటానికి కాలిన కరెంటు, శుద్ధికి వేసిన క్లోరిన్ ఎలాగూ తిరిగి రావు. మందమైన చోట తీసి పలచని చోట పారబోస్తున్నామంటే, దీవి తన నిల్వను తానే కరిగించుకుంటున్నట్టు లెక్క.

ఇక ప్లాంటు సంగతి. ఉప్పునీటిని పొరల గుండా నెట్టి శుద్ధి చేసే రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో 1,000 లీటర్లకు సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. చిన్న ప్లాంట్లలో ఇంకా ఎక్కువే. గొట్టాల్లో 40 శాతం పోతున్న చోట 1,000 లీటర్లు ఇళ్లకు చేరాలంటే 1,667 లీటర్లు తయారుచేయాలి. నష్టాన్ని 20 శాతానికి దించితే 1,250 లీటర్లు చాలు, అంటే ఉత్పత్తిలో నాలుగో వంతు మిగిలినట్టే. చిల్లుల కుండలో పోయడానికి ఖరీదైన నీరు తయారుచేసుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పైగా ఒకే ప్లాంటును నమ్ముకుంటే ఏమవుతుందో మాల్దీవుల రాజధాని మాలే 2014 డిసెంబరులో చూసింది: ప్లాంటులో మంటలు లేచి లక్ష మందికి పైగా ప్రజలకు కుళాయి నీరు ఆగిపోతే, భారతదేశం విమానాల్లోనూ నౌకల్లోనూ నీరు పంపవలసి వచ్చింది. ప్లాంట్లు వద్దని దీని అర్థం కాదు. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి, సముద్రపు పైపొర నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తెచ్చిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లబరిచి తాగునీరు తీస్తున్నారు. కటకం చితికిపోయిన దీవికి అటువంటివే ఆధారం. వరుస మాత్రం తప్పకూడదు, ముందు గొట్టాలు, తర్వాత ప్లాంటు.

రోడ్డు మీద ఎగజిమ్మే పగులు అందరికీ కనిపిస్తుంది గానీ, అసలు నష్టం దాని వల్ల కాదు. పెద్ద గొట్టం పగిలి గంటకు 10,000 లీటర్ల చొప్పున పోతుందనుకోండి, ఐదు గంటల్లో ఎవరో ఒకరు ఫోను చేస్తారు, పోయేది 50,000 లీటర్లు. ఇంటి కనెక్షను దగ్గర ఇసుకలోకి గంటకు 500 లీటర్ల చొప్పున జారే నీరు రెండు నెలలు ఎవరి కంటా పడకపోతే పోయేది 7,20,000 లీటర్లు. ఇలాంటివి పట్టుకోవడానికి ఊరిని చిన్న చిన్న ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో దాని ముఖద్వారంలో మీటరు పెట్టి, రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య ప్రవాహాన్ని గమనిస్తారు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు కూడా మీటరు చురుగ్గా తిరుగుతుంటే ఆ నీరు ఎవరూ తాగుతున్నది కాదు. అప్పుడు ఒక్కో వాల్వు మూసుకుంటూ పోతే, ఎక్కడ మూసినప్పుడు ప్రవాహం ఠక్కున పడిపోతుందో ఆ వీధిలోనే లోపం ఉంటుంది. ఆ వీధిలో ఇనుప చువ్వ ఒక కొనను వాల్వుకు ఆనించి, రెండో కొనకు చెవి పెడితే సన్నని బుసలాంటి చప్పుడు వినబడుతుంది. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చినా ఈ చువ్వ ఇంకా మూలకు చేరలేదు. రాత్రిపూట పీడనాన్ని తగ్గించే వాల్వులు కూడా అమర్చితే, ఇంకా దొరకని చిల్లుల్లోంచి పోయేదీ తగ్గుతుంది. నదులు లేని మాల్టా 1990ల నుంచి తన నష్టాలను బాగా తగ్గించుకున్నది ఈ విధంగానే.

ప్రశ్న: రోజుకు రెండు గంటలే నీరు వదిలితే లీకేజీ కూడా రెండు గంటలకే పరిమితమవుతుంది కదా?

జవాబు: కాగితం మీద అవుతుంది. వాడుకలో జనం కుళాయిలు తెరిచే ఉంచుతారు, తొట్లు నిండి పొర్లుతాయి, ఖాళీ గొట్టాల్లోకి నీరు ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడల్లా అతుకులు వదులవుతాయి. సరఫరా ఆగినప్పుడు అవే చిల్లులు బయటి మురుగును లోపలికి పీల్చుకుంటాయి. కరువులో తప్పనిసరైతే చేయండి, పొదుపు పద్ధతి అనుకుని మాత్రం చేయకండి.

ప్రశ్న: మా ఇంట్లోనే నీరు వృథా అవుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, తొట్టి నిండాక మీటరు అంకెలు రాసుకోండి, తెల్లవారి ఎవరూ నీరు ముట్టకముందే మళ్లీ చూడండి. అంకె కదిలితే ముందుగా అనుమానించవలసింది ఫ్లష్ ట్యాంకును. అందులో కాస్త రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కింద బేసిన్‌లో రంగు కనబడితే అడుగునున్న రబ్బరు బిళ్ల అరిగిందని అర్థం. నిమిషానికి ఒక లీటరు జారినా రోజుకు 1,440 లీటర్లు.

ప్రశ్న: వాననీటి తొట్టి ఎంత ఉండాలి?

జవాబు: 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే, పోయింది పోగా సుమారు 800 లీటర్లు చేతికొస్తాయి. తొట్టి పరిమాణాన్ని సగటు వర్షపాతంతో కాక, మీ దీవిలో వానల్లేకుండా గడిచిన అతి పొడవైన కాలంతో లెక్కగట్టాలి. 2011లో పసిఫిక్ దీవుల దేశం తువాలు నీటి కోసం అత్యవసర పరిస్థితి ప్రకటించింది తొట్లు లేక కాదు, అవి ఎండిపోయి. బెర్ముడాలో ఇంటి కప్పు మీది వాననీటిని పట్టి నిల్వ చేయడం చట్టమే.

ప్రశ్న: ఉప్పెన నీరు మా బావిలోకి వచ్చింది. మోటారు పెట్టి పూర్తిగా తోడేస్తే బాగుపడుతుందా?

జవాబు: తొందరపడకండి. 2004 సునామీ తర్వాత అనేకచోట్ల మితిమీరి తోడటం వల్ల అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చి బావులు మరింత పాడయ్యాయి. బావిలో నిలిచిన నీటిని, బురదను ఒక్కసారి నెమ్మదిగా తీసి, ఆ నీరు మళ్లీ అక్కడే ఇంకకుండా దూరంగా పారబోయండి. మిగిలిన ఉప్పును కడిగేది వానలే, అందుకు ఒకటి రెండు వానాకాలాలు పట్టవచ్చు. ఈలోగా విద్యుత్ వాహకత కొలిచే చిన్న మీటరు (నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ దీని అంకె పెరుగుతుంది) ఒకటి కొని, వారానికోసారి బావి పైభాగంలోనూ అడుగునా విడివిడిగా కొలిచి రాసిపెట్టుకోండి. పైనీటి అంకె వరుసగా తగ్గుతూ వస్తుంటే, ముందు కడగడానికీ ఉతకడానికీ బొక్కెనతో తోడుకోవడం మొదలుపెట్టవచ్చు. మోటారును మాత్రం అప్పుడే బిగించకండి.