పాత ఎంజీబీ వెనక కుంగిపోతే కమాన్లకి అదనపు పట్టీ వేయించొచ్చా?

మీరడిగింది ఇదీ: నాన్నగారి 1969 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు విప్పుకునే పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు. వెనక కుడిపక్క కుంగింది, స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే సైలెన్సర్ గొట్టం రాసుకుంటోంది. ఆటోనగర్‌లో ఒకరు వెనక కమానుకి, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగుకి, "ఇంకో పట్టీ ఎక్కించేద్దాం" అన్నారు. మీ స్నేహితుడేమో ఇంగ్లండు నుంచి గట్టి స్పోర్ట్స్ కమాన్లు తెప్పించుకోమన్నాడు. రెండిట్లో ఏది మేలు?

నన్నడిగితే రెండూ వద్దు. అదనపు పట్టీ వేయించుకుని అనుభవించినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

నాది 1967 బండి, మా మావయ్య దగ్గర్నుంచి వచ్చింది. విశాఖ లాసన్స్ బే కాలనీలో ఇల్లు, సముద్రం కూతవేటు దూరం. అంటే బండి రోజూ ఉప్పుగాలి పీలుస్తూ బతుకుతోందన్నమాట. దానికి తోడు 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు ఎగిరిపోయి, మళ్లీ వేయించేదాకా ఆరుబయటే తడిసింది. ఆ తర్వాత ఏడాదికే వెనక కూలబడటం మొదలైంది. ఆటోనగర్‌లో లారీలకి కమాన్లు కట్టే షాపుకి తీసుకెళ్లాను. పాత జీపు పట్టీ ఒకటి తీసి చూపించారు. వెడల్పు 1.75 అంగుళాలు, నా పట్టీలదీ అంతే. కోసి, వంచి, కట్టలో దూర్చి సాయంత్రానికి బండి చేతికిచ్చారు. వెనక చక్కగా లేచి నిలబడింది. ఫొటోలు కూడా తీసుకున్నాను!

మర్నాడు బీచ్ రోడ్డు మీద భీమిలి బయల్దేరాం. ఋషికొండ దాటేసరికి మా ఆవిడ "దీనికన్నా ఆటో నయం" అంది. రోడ్డు మీద చిన్న అతుకు తగిలినా వెనక ఎగిరెగిరి పడుతోంది. అది భరించొచ్చు. ఆ వానాకాలంలో ఎస్.కోట దాటాక అరకు ఘాట్‌లో, తడిసిన మలుపులో కాస్త యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలు పక్కకి జరిగాయి. అదృష్టం, ఎదురుగా ఏ బండీ లేదు.

ఎందుకలా అయిందో తర్వాత కాగితం మీద లెక్కేస్తే తెలిసింది. పట్టీ గట్టిదనం దాని మందం ఘనాన్ని (మందాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల పట్టీ బదులు 6 మిల్లీమీటర్లది వేస్తే మందం పెరిగింది 20 శాతమే, గట్టిదనం మాత్రం 73 శాతం. నాకు దూర్చిన జీపు పట్టీ నా పట్టీల కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు మందం. నేను ఒక పట్టీ అనుకున్నది రెండు పట్టీల పని చేసింది. జీపు బరువు వేరు, దాని దారులు వేరు. ఎంజీబీ ఖాళీ బరువు టన్ను లోపే, పైగా ఇద్దరు కూర్చునే బండి. ముందు కాయిల్ స్ప్రింగులు ఉన్నవి ఉన్నట్టే ఉంచి వెనక మాత్రం గట్టిచేస్తే, మలుపులో ఒరిగే భారం వెనక చక్రాల మీదే ఎక్కువ పడుతుంది. వాటి పట్టు ముందు చక్రాల కన్నా ముందే తప్పుతుంది. స్పోర్ట్స్ కమాన్లలోనూ ఇదే చిక్కు. రేసుకి ముందూ వెనకా కలిపి సెట్టు మార్చేవాళ్లకి అవి పనికొస్తాయి. మన రోడ్లకి, ఒక్క వెనక మాత్రమే మార్చుకునేవాళ్లకి దండగ.

ఇంకో సంగతి. ఈ బండిలో కమాను బరువు మోసి ఊరుకోదు. ఇరుసుని ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టి ఉంచేది కూడా అదే, వేరే రాడ్లేవీ లేవు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలి తిరగబోతే దాన్ని అడ్డుకునేదీ అదే. కాబట్టి దాని రెండు చివర్లా బోల్టు చుట్టూ ఉన్న రబ్బరు బుష్‌లు, ఇరుసుకీ కమానుకీ మధ్య రబ్బరు ప్యాడ్లు, ఆ రెండిటినీ కలిపి బిగించే యూ బోల్టులు ఎలా ఉన్నాయన్న దాని మీదే సగం కథ ఆధారపడి ఉంటుంది. మీ బండి కుడిపక్క ఒరగడానికి కారణం బుష్‌లు నలిగిపోవడం కూడా కావచ్చు. డ్రైవరు కూర్చునేది కుడిపక్కే, చాలాసార్లు ఒక్కడే తిరుగుతాడు. ఏళ్ల తరబడి ఆ పక్క కమాను ఎక్కువ అలిసిపోతుంది. నా బండిలో రెండు పక్కలకీ ముప్పావంగుళం తేడా ఉండేది.

అందుకని ముందు కొలవండి. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో పాతిక కేజీల బియ్యం బస్తాలు మూడు పెట్టండి. బండిని ముందుకీ వెనక్కీ నాలుగడుగులు నెట్టి, వెనక నొక్కి వదిలి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా కొలిచి రాసుకోండి. బస్తాలు తీసి మళ్లీ కొలవండి. రెండు సందర్భాల్లోనూ కుడిపక్క ఒకేలా కుంగి ఉంటే కమాను మీదో బుష్ మీదో అనుమానం. నొక్కి వదిలినప్పుడు వెనక రెండు మూడుసార్లు ఊగితే లీవర్ షాకుల్లో (ఊపుని ఆపే పాతకాలం షాక్ అబ్జార్బర్లలో) ఆయిల్ అయిపోయిందని. కమాను మార్చినా అది పోదు.

నాకు చివరికి దారి చూపించింది గాజువాక వైపు ఉండే ఒక ముసలి మేస్త్రి. బండి కింద దూరి బయటికొచ్చి, "ఏటి బావూ, ఈ బుల్లి కారుకి లారీ కమాన్లు ఎవుడు కట్టినాడు?" అన్నాడు. జీపు పట్టీ తీయించి, కట్ట విప్పి ఒక్కో పట్టీ నేల మీద పరిచాడు. మెయిన్ పట్టీ చెవి (చివర బోల్టు దూరే చుట్ట) దగ్గర తుప్పు తినేసి పలచబడింది. మిగిలినవి బాగానే ఉన్నా వంపు పోయింది. మెయిన్ పట్టీ అలా అయ్యాక కట్టని బాగుచేయించడం కన్నా కొత్త జత వేసుకోవడమే మేలనిపించి, ఫ్యాక్టరీ కొలతల కమాన్లే బయటనుంచి తెప్పించాను. ఇనుము కదా, కమాన్ల ఖరీదు కన్నా రవాణా, సుంకం బాధ ఎక్కువ. ఆర్డరిచ్చేటప్పుడు జీటీకా (ఎంజీబీలోనే గట్టి పైకప్పు రకం) రోడ్‌స్టర్‌కా అన్నది స్పష్టంగా చెప్పండి, జీటీవి గట్టిగా ఉంటాయి. అలాగే 1974 తర్వాత రబ్బరు బంపర్ల బండ్లని అమెరికా నిబంధనల కోసం దాదాపు అంగుళం ఎత్తు పెంచారు. ఆ కమాన్లు మీ క్రోమ్ బంపర్ బండికి వేస్తే వెనక మిడతలా లేచి నిలబడుతుంది.

ఇక్కడే చేయించుకోవాలంటే అదీ కుదురుతుంది. జట్కా బళ్ల కాలం నుంచీ కమాను పని తెలిసిన ఊరు మనది. కానీ మూడు మాటలు గట్టిగా చెప్పి చేయించండి. పాత పట్టీ మందమే ఉండాలి, అర మిల్లీమీటరు కూడా ఎక్కువొద్దు. ఈఎన్45 లాంటి స్ప్రింగు ఉక్కు కొత్తదే వాడాలి, విప్పిన లారీ పట్టీ కాదు. కొలిమిలో కాల్చి, ఎర్రగా ఉండగానే వంపు పెట్టి, నూనెలో ముంచి, మళ్లీ కాస్త వేడి చేసి టెంపర్ చేయాలి. చల్లగా ఉన్న పట్టీని సమ్మెటతో కొట్టి వంచితే బండి బయటికెళ్లేటప్పుడు బాగానే కనిపిస్తుంది, నాలుగు నెలల్లో మళ్లీ చదునవుతుంది. ఇక ఎప్పుడైనా రెండు పక్కలా జతగానే మార్చాలి. ఒక్క కుడిది మార్చితే ఎడమ వైపు ఒరుగుతుంది, అంతే తేడా. ఈ రోజుల్లో పెరాబోలిక్ పట్టీలు (మధ్యలో మందంగా ఉండి చివర్లకి పలచబడేవి), ఫైబర్ పట్టీలు అని కూడా వింటుంటాం. 1981లోనే అమెరికాలో కోర్వెట్ అనే స్పోర్ట్స్ కారుకి వెనక ఫైబర్‌గ్లాస్ ఒంటి పట్టీ పెట్టారు, బరువు బాగా తగ్గింది. సరదాగా చదువుకోవడానికి బాగుంటుంది, మీ బండికి అవసరం లేదు.

బిగించేటప్పుడు నేను చేసిన రెండో తప్పు కూడా చెప్పాలి. బండిని స్టాండ్ల మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగానే కమాను చివర బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాను. రబ్బరు బుష్ బిగించిన చోటే అతుక్కుని ఉంటుంది, అక్కణ్ణుంచి మెలి తిరిగి పనిచేస్తుంది. బండి నేల మీదికి దిగగానే అది సగం మెలి తిరిగేసింది. ఆర్నెల్లకే చిరిగిపోయి టకటకమని చప్పుడు. బోల్టులు వదులుగా పెట్టి, బండి నేల మీద సొంత బరువు మీద నిలబడ్డాక, నాలుగుసార్లు నొక్కి ఊపి అప్పుడే బిగించాలి. యూ బోల్టులు కొత్తవే వేయండి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్పానర్ పెడితే పావు చుట్టు ఎక్కడం ఖాయం. కొత్త కమాన్లు మొదట కాస్త ఎత్తుగా కనిపిస్తాయి, కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. నేను రెండో రోజే కంగారుపడి మేస్త్రికి ఫోన్ చేస్తే నవ్వేశాడు. వెనక ఇరుసు మరీ కిందికి వేలాడకుండా పట్టే రబ్బరు బెల్టులు రెండుంటాయి, అవీ చూడండి. కమాను వంపు ఎక్కువైతే బండి నిలబడి ఉన్నప్పుడే ఆ బెల్టులు బిగుసుకుపోయి, గుంతలో చక్రం కిందికి దిగదు.

అన్నిటికన్నా ముందు మాత్రం, కమాను ముందు చివర బాడీకి పట్టే చోట, పైనున్న రేకు పెట్టెని టార్చి వేసి చూడండి. మన సముద్రపు గాలికి పెయింటు పైపైన మెరుస్తూనే లోపల పొట్టు రాలిపోతుంది. గట్టి స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. అది లోపలికి దిగిందంటే కమాన్ల సంగతి పక్కన పెట్టి, ముందు వెల్డింగ్ షాపుకి బండి ట్రాలీ మీద పంపండి. నడుపుకుంటూ వెళ్లొద్దు.