810 నానోమీటర్ల దగ్గర సింగిల్ ఫోటాన్ డిటెక్టర్ సామర్థ్యం 80 శాతం ఎందుకు చూపిస్తోంది?

హన్మకొండలో మీ ల్యాబ్‌లో 810 నానోమీటర్ల లేజర్‌ను రెండు ఓడీ 4 ఎన్‌డీ ఫిల్టర్లతో (కాంతిని తగ్గించే గాజులు, ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే వదిలేది) తగ్గించి కొలిస్తే సిలికాన్ డిటెక్టర్ సామర్థ్యం, అంటే వచ్చిన ఫోటాన్లలో (కాంతి కణాల్లో) అది లెక్కపెట్టే వంతు, 80 శాతం వచ్చిందని, కంపెనీ కాగితంలో 55 అని ఉందని అడిగారు. డిటెక్టర్ జోలికి పోకండి, ముందు ఫిల్టర్లను పట్టుకోండి.

కాంతిని గాజులోనే పీల్చుకునే రకం ఫిల్టర్ల మీద రాసే ఓడీ సాధారణంగా కంటికి కనిపించే కాంతికి సంబంధించింది. 810 దగ్గర ఆ గాజు ఇంకొంచెం ఎక్కువ వదిలేస్తుంది. ఒక్కోటి 4 బదులు 3.92 ఉన్నా చాలు, రెండూ కలిస్తే 1.45 రెట్లు ఫోటాన్లు వెళ్తాయి. మీ 55 కాస్తా 80 అయ్యేది అక్కడే.

లేజర్‌ను 1 మిల్లీవాట్ దగ్గర ఉంచి, పవర్ మీటర్‌ను 810కి మార్చి, ఫిల్టర్లను ఒక్కొక్కటిగా కొలవండి. వెనక 100 నానోవాట్ల దరిదాపుల్లో వస్తుంది, సిలికాన్ మీటర్ దాన్ని హాయిగా చదువుతుంది. రెండూ కలిపి పెడితే మాత్రం రీడింగ్ నాయిస్‌లో కలిసిపోతుంది. డిటెక్టర్ ముందు పెట్టేటప్పుడు ఒకదాన్ని రెండు మూడు డిగ్రీలు వంచండి, లేకుంటే రెండింటి మధ్య ప్రతిఫలించే కాంతి లెక్క చెడగొడుతుంది. ఇక్కడ ఒక ఫోటాన్ శక్తి 2.45×10⁻¹⁹ జౌల్స్. డిటెక్టర్‌తో లెక్కపెట్టేటప్పుడు లేజర్‌ను 1 మైక్రోవాట్‌కు తగ్గిస్తే అందులో సెకనుకు 4.08 లక్షల కోట్ల ఫోటాన్లు, కచ్చితంగా ఓడీ 8 దాటాక 40,800.

తర్వాత బ్యాక్‌గ్రౌండ్, అంటే మీరు కొలిచే కిరణం వల్ల కాని కౌంట్. లేజర్ ఆపేసి తీసిన డార్క్ కౌంట్ (కాంతి లేకున్నా డిటెక్టర్ చూపే కౌంట్) సరిపోదు. లేజర్ వెలుగుతుండగానే, ఫిల్టర్లు దాటిన కిరణాన్ని మాత్రం అడ్డుకుని లెక్కపెట్టండి. పక్కనుంచి చొరబడే కాంతి అప్పుడే బయటపడుతుంది. నల్ల పాలిస్టర్ గుడ్డను నమ్మకండి, కంటికి ఎంత నల్లగా ఉన్నా 810కి చాలాసార్లు జల్లెడే. పైన రెండు పొరల అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దూరంగా ఫిలమెంట్ బల్బు వేసి చూడండి. కౌంట్ కదలకూడదు.

వరంగల్ ఎండకాలంలో ఏసీ లేని గదిలో డిటెక్టర్ చిప్‌ను చల్లబరిచే పెల్టియర్ వేడి బయటికి పోక చిప్ వేడెక్కితే డార్క్ కౌంట్ పెరుగుతుంది. అందుకే ప్రతి రీడింగ్‌కు ముందూ వెనకా బ్యాక్‌గ్రౌండ్ తీయాలి. కరెంటు పోయి వస్తే కౌంట్ నిలకడ పడేదాకా ఆగాలి.

డెడ్ టైమ్ (ఒక క్లిక్ తర్వాత డిటెక్టర్ ఇంకో ఫోటాన్‌ను పట్టలేని కాసేపు) కౌంట్‌ను తగ్గించేదే కాబట్టి మీ సమస్య అది కాదు. 50 నానోసెకన్ల డెడ్ టైమ్‌కు సెకనుకు 10 లక్షల కౌంట్ల దగ్గర 5 శాతం పోతుంది, 22 వేల దగ్గర 0.1 శాతమే. ఆఫ్టర్‌పల్సింగ్ (ఒక క్లిక్ వెనకే ఫోటాన్ లేకుండా వచ్చే దొంగ క్లిక్) మాత్రం పెంచుతుంది. వరుస క్లిక్‌ల మధ్య సమయాలకు హిస్టోగ్రామ్ గీసి, డెడ్ టైమ్ అవ్వగానే గుట్టలా లేస్తోందేమో చూడండి.

బీబీఓ క్రిస్టల్, 405 నానోమీటర్ల లేజర్ ఉంటే క్లిష్‌కో పద్ధతితో సరిచూడొచ్చు, దానికి పవర్ మీటరే అక్కర్లేదు. ఆ క్రిస్టల్ ఒక 405 ఫోటాన్‌ను రెండు 810 ఫోటాన్ల జంటగా చీలుస్తుంది, ఒకటి ట్రిగ్గర్ డిటెక్టర్‌కు, రెండోది మీరు పరీక్షించే డిటెక్టర్‌కు వెళ్తుంది. కోఇన్సిడెన్స్‌లను (రెండూ ఒకేసారి క్లిక్ అయినవాటిని) ట్రిగ్గర్ డిటెక్టర్ కౌంట్‌తో భాగించండి, వచ్చేది రెండో డిటెక్టర్ సామర్థ్యం. దారిలో పోయిన కాంతి కూడా అందులో కలిసే ఉంటుంది కాబట్టి అసలు విలువ అంతకంటే ఎక్కువే. భాగించే ముందు ట్రిగ్గర్ బ్యాక్‌గ్రౌండ్‌నూ, యాదృచ్ఛిక కోఇన్సిడెన్స్‌లనూ తీసేయాలి. రెండు వైపులా లక్షేసి కౌంట్లు, ఒకేసారి అని లెక్కేసే వ్యవధి (విండో) 10 నానోసెకన్లు అయితే అవే సెకనుకు 100 ఉంటాయి.