సమాధానం: ఒలీవియా డి హావిలాండ్ ఏడేళ్ల లెక్క
1936లో వార్నర్ బ్రదర్స్ అనే హాలీవుడ్ స్టూడియోతో ఏడేళ్ల ఒప్పందం చేసుకున్న నటి ఒలీవియాను 1943లో కూడా ఎందుకు వదల్లేదని మీ వ్యాసం కోసం అడిగారు కదండీ. మీ కూడిక తప్పు కాదు, స్టూడియో కూడికే వేరు.

నచ్చని పాత్ర వద్దంటే అప్పట్లో నటిని సస్పెండ్ చేసేవారు. జీతం ఆగేది, ఆ రోజులన్నీ ఒప్పందం చివర్న కలిపేవారు. అంటే సెలవు పెట్టిన రోజులకు ఉద్యోగం పొడిగించినట్టు! ఆ లెక్కన ఇంకో ఆరు నెలలు బాకీ ఉందన్నారు.

ఉద్యోగ ఒప్పందం ఏడేళ్లు దాటకూడదనే కాలిఫోర్నియా చట్టంలో ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లేనని ఆవిడ కోర్టుకెక్కింది. 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆవిడ వైపే తీర్పిచ్చింది. ఈలోగా ఆవిడను తీసుకోవద్దని వార్నర్ మిగతా స్టూడియోలకు ఉత్తరాలు రాయడంతో దాదాపు రెండేళ్లు సినిమాల్లేవు. నన్నడిగితే 'గాన్ విత్ ద విండ్' సినిమాలో ఆవిడ వేసిన మెలనీ పాత్ర కంటే ఈ పంతమే గొప్ప. ఆ మెత్తని మెలనీని చూసినవాళ్లెవరూ ఇంత పంతాన్ని ఊహించరు.

ఆ ఒప్పందం నుంచి బయటపడ్డాకే 1946, 1949 సినిమాలకు రెండు ఆస్కార్లు వచ్చాయి. మీ వ్యాసంలో "ఒప్పందం పొడిగించారు" అని కాకుండా "సస్పెన్షన్ రోజులు కలిపారు" అని రాయండి, సరిపోతుంది.