రెండు మార్గశిరాల వీధి

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో దిద్దినవి ఒడియా అక్షరాలు. ఇక్కడ మమ్మల్ని ‘తెలెంగా’ అంటారు. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో చుట్టాలింటికి వెళితే ‘ఒరియా పిల్ల వచ్చింది’ అంటారు. ఈ సంగతిని చెప్పాలని నా ముఖాన్ని సగం ఫొటోగా, సగం గీతలుగా చేసి ఒక బొమ్మ తయారుచేశాను. చూసినవారు బాగుందన్నారు గాని నాకే అబద్ధంగా తోస్తున్నది. పొరపాటు ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ అనుమానం సరైనదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చిన గీతనే మీరు ముఖం మీద గీసుకున్నారు. పటం మీద ఆ గీత నిజమే కాని, మీరు ఒక చెంపతో తెలుగూ మరో చెంపతో ఒడియా మాట్లాడరు కదా! ముఖాన్ని కొన్నాళ్ళు పక్కన ఉంచి, కెమెరాను మీ వీధి గడపల వైపు తిప్పండి.

ఒడియావారి మార్గశిరం కార్తిక పున్నమి దాటగానే మొదలవుతుంది; మనది అమావాస్య దాటిన తరువాత. అందువల్ల, మనం లక్ష్మివారమని పిలిచే గురువారంనాడు, మొదటి పక్షంలో ఒడియా ఇళ్ళ ముందే లక్ష్మీపూజకు గీసిన అమ్మవారి పాదాలు కనిపిస్తాయి. తరువాతి పక్షంలో రెండు రకాల గడపలూ పూజకు ముస్తాబవుతాయి. ఆపైన మన ఇళ్ళే మిగులుతాయి. అమ్మవారు ఒక్కరే, వారమూ ఒక్కటే, నెల మాత్రం పదిహేను రోజులు పక్కకు జరిగింది. నాకైతే మీ సగం ముఖం కంటే ఈ ఆరేడు లక్ష్మివారాలే మీ కథను బాగా చెబుతాయనిపిస్తున్నది.

ఒకే చోట నిలబడి, ఉదయపు ఏటవాలు వెలుగులో తీయండి. నల్లని నేల ఎక్కువగా ఉన్నప్పుడు కెమెరా బొమ్మను అవసరానికి మించి వెలిగించి తెల్లని గీతలను చెరిపేస్తుంది కనుక కెమెరా తీసుకునే వెలుగును, అంటే ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించండి. ఇతరుల గడప తీసేముందు ఆ ఇంటివారిని అడగడం మరవకండి.

ఇక బొమ్మ. మన ముగ్గు వేళ్ళ సందున జారే పొడి. వారి ఝోటి బియ్యం పిండిని నీళ్ళలో కలిపి, వేలు ముంచి గీసేది. చేయి కదిలే ఈ తేడాను ఫొటో పట్టుకోలేదు, గీత పట్టుకుంటుంది. మహారాష్ట్రలోని గంజాడ్ గ్రామంలో గౌరీ గిల్ తీసిన ఛాయాచిత్రాల మీద వార్లీ గిరిజన చిత్రకారుడు రాజేశ్ వాంగడ్, కెమెరాకు అందని తమ ఊరి కథలను గీశారు. మీరూ మాట్ కాగితం మీద ప్రింటు తీయించి (నిగనిగలాడే కాగితం మీద సిరా నిలవదు), పైన ట్రేసింగ్ కాగితం పరచి చిత్తుగా గీసి చూసుకుని, ఆపైన ప్రింటు మీద ఆ గడపలో ఆ రోజు లేని గీతను గీయండి: మొదటి పక్షం ఫొటో మీద మీ అమ్మగారి ముగ్గు, చివరి పక్షం ఫొటో మీద ఎదురింటి ఝోటి. ఈ రెండూ ముందుగా నేల మీద మీ చేత్తో వేసి నేర్చుకున్నాకే కాగితం జోలికి వెళ్ళండి.

ప్రతి ప్రింటు వెనుక తేదీ వేయండి. వారం పేరును మాత్రం ఆ క్షణాన చేతికి ఏ లిపి ముందుగా వస్తే అందులోనే రాయండి.