చూసిన పట్టుచీర మన వెంట ఎందుకు వస్తుంది?

వెబ్‌సైట్ల నిఘా, వినియోగదారుల గోప్యత హక్కుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ప్రశ్ననే తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి కోసం ఒక వెబ్‌సైట్‌లో ధర్మవరం పట్టుచీరలు చూశాను. ఏదీ కొనలేదు, ఫోన్ నంబరూ ఇవ్వలేదు. అరగంట తిరక్కుండానే వార్తల సైట్‌లోనూ వంటల సైట్‌లోనూ అవే చీరలు కనబడ్డాయి. మర్నాడు మావారి ఫోన్‌లో కూడా అవే. ఫోన్ మన మాటలు వింటోందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ మాటలు వినవలసిన అవసరం ఆ వ్యాపారానికి లేదు. మీరు చూసినదే దానికి చాలు. చీర పేజీ తెరిచినప్పుడు మీ ఫోన్ ఆ దుకాణంతో మాత్రమే మాట్లాడదు. ప్రకటనల కంపెనీలు ఇచ్చిన చిన్న చిన్న కోడ్ ముక్కలను దుకాణం వారు తమ పేజీలో పెట్టుకుంటారు. అందులో ఒక రకాన్ని పిక్సెల్ అంటారు. మొదట్లో ఇది నిజంగానే చుక్కంత బొమ్మ, అదీ కంటికి ఆననిది. పేజీతో పాటు ఆ బొమ్మను కూడా తెచ్చుకోవడానికి మీ ఫోన్ ప్రకటనల కంపెనీ సర్వరును అడగాలి. మీరు ఏ పేజీలో ఉన్నారు, ఎన్ని గంటలకు వచ్చారు, మీది ఏ రకం ఫోన్, ఏ కనెక్షన్ అన్న వివరాలు ఆ అడగడంలోనే అవతలికి చేరిపోతాయి. బొమ్మ వట్టి సాకు.

రెండోది కుకీ. నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసిన లూ మాంటుల్లీ 1994లో దీన్ని తయారుచేసినప్పుడు ఉద్దేశం మంచిదే. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి వెబ్‌సైట్ మనల్ని మరిచిపోయేది కనుక, బుట్టలో వేసిన సరుకు బుట్టలోనే ఉండాలంటే ఏదో ఒక గుర్తు కావలసి వచ్చింది. గుడి బయట చెప్పులు విడిచినప్పుడు చేతిలో పెట్టే టోకెన్ లాంటిది అది. ఆ టోకెన్‌ను మీరు వెళ్లిన సైట్ కాకుండా, ఆ సైట్‌లో చోటు సంపాదించిన ప్రకటనల కంపెనీ ఇచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. అదే కంపెనీ వార్తల సైట్‌లోనూ వంటల సైట్‌లోనూ ఉంటుంది కాబట్టి, మూడు చోట్లా ఒకే టోకెన్ కనబడితే వచ్చినది ఒకే మనిషి అని పోల్చుకుంటుంది. మీరు వార్త తెరిచిన మరుక్షణం, పేజీ పూర్తిగా కనబడకముందే, అందులోని ప్రకటన స్థలానికి కంప్యూటర్ల మధ్య వేలం జరుగుతుంది. సెకనులో పదో వంతు వ్యవధిలో ముగిసే ఆ వేలంలో, చీరలు చూసి కొనకుండా వెళ్లిన మనిషి కోసం చీరల దుకాణమే ఎక్కువ పాడుకుంటుంది.

ఇక మీవారి ఫోన్ సంగతి. ఇంట్లో అందరూ ఒకే వైఫై వాడుతుంటే బయటి సర్వర్లకు మీ ఫోన్లన్నీ సాధారణంగా ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. ఒకే ఇంటివారని ఊహించడానికి అది సరిపోతుంది. ఫోన్ చాటుగా వింటుందన్న అనుమానం మీ ఒక్కరిదే కాదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. రహస్యంగా మాటలు రికార్డు చేసి పంపుతున్న యాప్ ఏదీ వారికి దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం తెర మీద మనం చేస్తున్న పనిని రికార్డు చేసి ఇతర కంపెనీలకు పంపుతూ దొరికాయి. నన్నడిగితే భయపడవలసింది ఈ రెండో దానికే.

ప్రశ్న: ఏ సైట్ తెరిచినా ‘కుకీలను అంగీకరించండి’ అని అడ్డం వస్తోంది. విసుగెత్తి నొక్కేస్తున్నాను. నొక్కకపోతే ఏమవుతుంది? అసలు ఇది మన చట్టం పెట్టిన నియమమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

సమాధానం: ఆ పెట్టె యూరప్ నుంచి వచ్చింది. పని జరగడానికి తప్పనిసరి కాని కుకీలను పెట్టే ముందు మనిషి అనుమతి తీసుకోవాలని అక్కడి నిబంధనలు 2009 సవరణతో చెప్పాయి. 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం ఆ అనుమతి ఎలా ఉండాలో గట్టిగా నిర్వచించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించరాదని యూరోపియన్ న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలుతుండగా కాదనడానికి పలుమార్లు నొక్కవలసి వస్తున్నదన్న కారణంతో ఫ్రాన్స్ గోప్యత నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా విధించినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. ‘తిరస్కరించు’ మీటను ఎక్కడో అడుగున, బూడిద రంగులో దాచిపెట్టడం అంత ఖరీదైన తప్పు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, మన దేశంలో కుకీల కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం లేదు. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి గురించి వివరంగానే మాట్లాడింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఏ సమాచారం దేనికోసం తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనో చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మీకుంది. చట్టానికి నియమావళి 2025 నవంబరులో వెలువడింది. కంపెనీలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు కనుక అవి 2027 మే నెలలో గానీ పూర్తిగా అమలుకు రావు. చట్టం వచ్చిన నాలుగేళ్లకు అన్నమాట. ఇంత తాపీ అవసరమా అన్న సందేహం మీకూ కలుగుతుంది.

అందాకా చేతిలో ఉన్న ఆయుధం వినియోగదారుల చట్టమే. ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరిట వాడుకలో ఉన్న మోసపు పోకడలను పదమూడింటిని గుర్తించి, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీచేసింది. ‘వద్దు’ అనే వీలు లేకుండా కుకీలు ఒప్పుకోమని పదే పదే వేధించడం వాటిలో ఉదాహరణగానే ఉంది. అలాంటి పేజీ ఎదురైతే తెరను ఫొటో తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఇక మీ మొదటి ప్రశ్న: నొక్కకపోయినా, ‘తిరస్కరించు’ నొక్కినా, చాలా సైట్లు మామూలుగానే పనిచేస్తాయి.

ప్రశ్న: బ్రౌజర్‌లో చరిత్ర మిగలకుండా చూసుకునే ఇన్‌కాగ్నిటో కిటికీలో చూస్తే ఎవరికీ తెలియదంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

సమాధానం: మీ ఇంట్లో వారికి తెలియదు, అంతే. కిటికీ మూయగానే చరిత్ర, కుకీలు మీ ఫోన్ నుంచి తొలగిపోతాయి గానీ, మీరు వెళ్లిన సైటుకూ మీ ఇంటర్నెట్ కంపెనీకీ మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా గూగుల్ తమ సమాచారం సేకరించిందని అమెరికాలో 2020లో వేసిన దావా, ఆ రికార్డులను చెరిపేసేందుకు కంపెనీ ఒప్పుకోవడంతో 2024లో రాజీకి వచ్చింది.

ప్రశ్న: వ్యక్తిగత రుణానికి వడ్డీ ఎంతో చూద్దామని ఒక సైట్‌లో పేరు, నంబరు, జీతం నింపాను. సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. నేను ఎప్పుడూ వినని కంపెనీలకు సైతం నా జీతం ఎంతో తెలుసు. నాకు ఏ హక్కులున్నాయి?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: పై ప్రశ్నలన్నిటికంటే ఇది ముఖ్యమైనది. కుకీకి తెలిసేది ఫలానా ఫోన్ అని మాత్రమే. ఆ ఫోన్ ఎవరిదో దానికి తెలియదు. మీ నంబరు మీరే నింపిన క్షణం నుంచి ఆ తెర తొలగిపోతుంది. మన దేశంలో బ్యాంకుకూ వంటగ్యాస్‌కూ సూపర్‌మార్కెట్ బిల్లుకూ అదే నంబరు ఇచ్చి ఉంటాం కనుక, ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న సమాచారాన్ని ఒకే మనిషి పేరన కుప్ప వేయడానికి అంతకు మించిన దారం లేదు. నంబరును సంకేతంగా మార్చి పంపుతున్నాం కనుక ఫర్వాలేదని కొన్ని సైట్లు చెబుతాయి. అవతలి ప్రకటనల కంపెనీ తన దగ్గరున్న నంబర్లను కూడా అదే పద్ధతిలో మార్చి సరిపోల్చుకుంటుంది. పద్ధతి ఒకటే అయినప్పుడు సంకేతమూ ఒకటే వస్తుంది. కుకీలకు భయపడి నంబరును అడిగినవారికల్లా చెప్పేసే అలవాటు నాకు అర్థం కాదు.

ఇక హక్కులు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. దాని నీడలో వచ్చిన 2023 చట్టం ప్రకారం, మీ దగ్గర ఏ సమాచారం తీసుకున్నారో, ఎవరెవరికి ఇచ్చారో అడిగి తెలుసుకోవచ్చు. తప్పులుంటే దిద్దించవచ్చు. సమ్మతి వెనక్కి తీసుకుని చెరిపేయమని కోరవచ్చు. మీరు అన్నిటికీ సరేనన్నా, చెప్పిన పనికి అవసరమైన మేరకే ఆ సమ్మతి చెల్లుతుంది. ఇందుకు చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్‌లో వైద్య సలహాలిచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా కూడా అడిగితే, మీరు ఒప్పుకున్నా సరే, వైద్యానికి ఆ జాబితా అక్కరలేదు కనుక ఆ భాగం సమ్మతి కింద రాదు. మొదట ఆ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. పరిష్కారం కాకపోతే డేటా పరిరక్షణ బోర్డుకు వెళ్లాలి. రక్షణ చర్యలు తీసుకోని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. ఇది పెద్ద లోటు.

ఈ హక్కులు కూడా 2027 మే నుంచే సంపూర్ణంగా చేతికందుతాయి కనుక, ఇప్పటికి వేరే దారులు చూసుకోవాలి. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మూడో వ్యక్తులకు మీ సమాచారం ఇవ్వవద్దనే అవకాశం, ఇచ్చిన సమ్మతిని రద్దుచేసుకునే అవకాశం మీకు ఉండాలి. రుణ యాప్‌లు కాంటాక్టుల జాబితా, కాల్ వివరాల జోలికి పోరాదు. పిలిచిన ప్రతివారినీ కంపెనీ పేరు అడిగి రాసిపెట్టుకోండి. ఆ సైటుకు ఈ–మెయిల్ ద్వారా, నా సమ్మతిని ఉపసంహరించుకుంటున్నాను, నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో తెలపండి అని తేదీ వేసి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, అవతలిది బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ) అయినప్పుడు ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వారి సమాచార కేంద్రం నంబరు 14448. విసిగించే కాల్స్ మీద 1909కు ఫిర్యాదు చేయవచ్చు, కాల్ వచ్చిన ఏడు రోజుల్లోగా చేయాలి. దుకాణాల్లో బిల్లు కోసం నంబరు చెప్పమని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే సూచించిన సంగతి కూడా గుర్తుంచుకోండి. కౌంటర్ దగ్గర ‘నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి’ అంటే బిల్లు వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్–1బీ వీసా మీద కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి సైట్ల అడుగున ‘నా వ్యక్తిగత సమాచారాన్ని అమ్మవద్దు’ అని లింకు ఉంటుందట. అది అక్కడి పౌరులకు మాత్రమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: పౌరసత్వంతో పని లేదు, అక్కడ నివాసం ఉంటే చాలు. కాబట్టి మీ అబ్బాయికి ఆ హక్కు ఉంది. నాలుగు రోజులు చూసి రావడానికి వెళ్లే మీకు ఉండదు. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ రాష్ట్ర చట్టం చిన్న వ్యాపారాలకు వర్తించదు. దాని తీరు మన చట్టానికి భిన్నం. ఇక్కడ ముందు అడిగి తీసుకోవాలి. అక్కడ తీసుకోవచ్చు గానీ వద్దంటే ఆపాలి. ప్రతి సైట్‌లో లింకు వెతుక్కోనక్కరలేకుండా, బ్రౌజరే అందరికీ ‘వద్దు’ అని చెప్పే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అనే సంకేతం ఉంది. దాన్ని పట్టించుకోలేదని, సమాచారం అమ్ముతున్నట్టు చెప్పలేదని సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ మీద ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ చర్య తీసుకోగా, 2022లో అది 12 లక్షల డాలర్లు చెల్లించింది. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సంకేతాన్ని సెట్టింగ్స్‌లోనే ఆన్ చేసుకోవచ్చు. మన వ్యక్తిగత వివరాలతోనే వ్యాపారం చేసే డేటా బ్రోకర్లందరికీ కలిపి ఒకే దరఖాస్తుతో ‘చెరిపేయండి’ అని చెప్పే ప్రభుత్వ వేదిక కూడా 2026 జనవరిలో అక్కడ మొదలైంది.

ప్రశ్న: పదేళ్ల మా బాబు నా ఫోన్‌లో ఆటలాడతాడు. మధ్యలో వాడి ఇష్టాలకు సరిపోయే ప్రకటనలే వస్తున్నాయి. ఇది చట్టబద్ధమేనా?
– ఒక తండ్రి, నిజామాబాద్

సమాధానం: మన చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి లేకుండా వారి సమాచారం తీసుకోరాదు. కొన్ని మినహాయింపులు పోగా, వారి ప్రవర్తనను వెంటాడి గమనించడం, వారిని గురిచూసి ప్రకటనలివ్వడం నిషిద్ధం. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. ఇది కూడా 2027 మే నుంచే అమలవుతుంది. మీ విషయంలో ఒక చిక్కుంది: ఫోన్ మీది, అకౌంట్ మీది కనుక ఆడుతున్నది పెద్దవారే అని యాప్ అనుకుంటుంది. పిల్లల ఫోన్ వాడకాన్ని తల్లిదండ్రులు నియంత్రించే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ ద్వారా బాబుకు వేరే అకౌంట్ తెరిస్తే, వాడి ఇష్టాలను బట్టి ప్రకటనలు చూపడాన్ని గూగుల్ ఆపివేస్తుంది.

ప్రశ్న: రోజూ కుకీలు చెరిపేయాలా? సులువైన పద్ధతి ఏదైనా చెప్పండి.
– పలువురు పాఠకులు

సమాధానం: రోజూ అక్కరలేదు. చెరిపినప్పుడల్లా మళ్లీ లాగిన్ అయి ఓటీపీ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. బయటి కంపెనీల కుకీలను మాత్రం ఆపితే చాలు. యాపిల్ బ్రౌజర్ సఫారీ 2020 నుంచి వాటిని తనంతట తానే అడ్డుకుంటోంది. క్రోమ్‌లో కూడా తీసేస్తామని గూగుల్ అదే ఏడాది ప్రకటించి, ఏళ్ల తరబడి వాయిదా వేసి, 2024లో ఆ ఆలోచన విరమించింది. కాబట్టి క్రోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను తామే బ్లాక్ చేసుకోవాలి. యాప్‌లకు కుకీల బదులు ఫోన్‌లో ఒక ప్రకటనల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్ అనే వరుసలో వెళితే ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ కనిపిస్తుంది, కొన్ని ఫోన్లలో ఇది ప్రైవసీ విభాగం కింద ఉంటుంది. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘ట్రాకింగ్’ తెరిచి, అనుమతి అడిగే అవకాశాన్నే యాప్‌లకు లేకుండా ఆపివేయవచ్చు. ప్రకటనలు ఇకముందూ వస్తాయి గానీ, అవి మీరు నిన్న చూసిన వస్తువులవి కావడం తగ్గుతుంది.