పేటెంటు కన్నా ముందు, పరికరం బయటకు వచ్చే దారిని గీయండి

"5 మిల్లీమీటర్ల రంధ్రం గుండా కడుపులోకి వెళ్లి కణజాలాన్ని పట్టుకునే పరికరం ఒకటి గీశాను. నేను మెకానికల్ ఇంజినీరును, డాక్టరును కాను. ముందు పేటెంటు వేయాలా, నమూనా చేయాలా?" అని మీరు అడిగారు. ఇలాంటి పరికరాల తయారీలో 14 ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, ఆ రెండింటికీ ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీ బొమ్మలో పరికరం లోపలికి ఎలా వెళ్తుందో కచ్చితంగా ఉండే ఉంటుంది. అది బయటకు ఎలా వస్తుందో కూడా గీశారా? నా దగ్గరకు వచ్చే బొమ్మల్లో చాలావాటిలో అది ఉండదు. మా మొదటి బొమ్మలోనూ లేదు.

మేము చేసింది ఒక చిన్న సంచి. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో, కోసి విడదీసిన పిత్తాశయాన్ని కడుపులోనే ఆ సంచిలో వేసి, పరికరాలు దూర్చడానికి 10 మిల్లీమీటర్ల ట్రోకార్ గొట్టం పెట్టిన రంధ్రం గుండా బయటకు లాగాలి. సంచి మూతి చుట్టూ నిటినాల్ తీగతో వలయం పెట్టాము. నికెల్, టైటానియం కలిసిన ఆ లోహం గొట్టంలో ఒదిగిపోయి, గొట్టం దాటగానే మళ్లీ తన గుండ్రని ఆకారానికి వచ్చేస్తుంది. ల్యాబ్ బల్ల మీద వందలసార్లు తెరిచి చూశాము, ఒక్కసారి కూడా మొరాయించలేదు. మా ఆలోచనంతా ఆ వలయం మీదనే ఉండేది, పేటెంటు దరఖాస్తు కూడా దాని మీదనే వేశాము.

తరువాత ఒక శిక్షణ ల్యాబ్‌లో, అనుభవం ఉన్న ఒక సర్జన్ గారినీ, ఆపరేషన్‌లో ఆయన చేతికి పరికరాలు అందించే స్క్రబ్ నర్సునూ పిలిచి పరీక్ష పెట్టాము. మూసిన పెట్టెలో పంది కాలేయం, దానికి అంటుకొని ఉన్న పిత్తాశయం, అందులో రాళ్లకు బదులుగా మేము పెట్టి కుట్టిన 12 గాజుపూసలు. సంచి చక్కగా తెరుచుకుంది, పిత్తాశయం అందులో పడింది, మూతి బిగిసింది. అంతవరకు అందరమూ సంతోషంగానే ఉన్నాము. లాగడం మొదలుపెట్టాక సంచికి కట్టిన దారం పైత్యరసంతో తడిసి గ్లవ్స్‌లో జారిపోయింది. సర్జన్ గారు దాన్ని వేలికి చుట్టుకొని ఇంకాస్త బలంగా లాగేసరికి, పూసలన్నీ సంచి అడుగున ఒకేచోట చేరి రంధ్రానికి అడ్డం పడ్డాయి. సంచి అతుకు దగ్గర చిరిగింది.

అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. నర్సు మాత్రం ట్రేలో పడిన పూసలను లెక్కపెట్టి, "తొమ్మిదే వచ్చాయి సార్. మిగతావి సరే, చిరిగిన సంచి ముక్క ఎక్కడుంది?" అని అడిగారు. కెమెరాతో పెట్టె అంతా వెతికాము. మేము గొప్పగా ఎంచుకున్న పారదర్శకమైన ఫిల్మ్, తడిసిన కాలేయం మీద అతుక్కుంటే కంటికి కనబడదు. పెట్టె మూత తీసి, కాలేయాన్ని చేత్తో ఎత్తితేగాని ఆ ముక్క దొరకలేదు. మనిషి కడుపు విషయంలో అలా మూత తీయడమంటే, తప్పించాలనుకున్న పెద్ద కోతనే మళ్లీ కోయడం. లోపల జారిపోయిన పిత్తాశయపు రాళ్లు నెలల తరువాత చీముగడ్డలకు కారణమైన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆవిడ లెక్క అడగడం లాంఛనం కాదు. ఒక్క ప్రశ్నతో ఆవిడ మా రెండేళ్ల పనిలోని లోపాన్ని బయటపెట్టారు.

అందుకే ఈ రంగంలో నేను అందరికన్నా ఎక్కువగా గౌరవించేది అమెరికన్ సర్జన్ థామస్ ఫొగార్టీని. ఆయన డాక్టరు కాకముందే సిన్సినాటిలో స్క్రబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, సర్జన్ చేతికి పరికరాలు అందిస్తూ ఆపరేషన్లు చూసినవారు. రక్తనాళంలోని రక్తపు గడ్డను తీయడానికి పొడవాటి కోతలు పెట్టే ఆ రోజుల్లో, ఆయన సర్జికల్ గ్లవ్ వేలి కొసను కత్తిరించి, చేపల ఎరలు కట్టే ముడితో కాథెటర్ అనే సన్నని గొట్టానికి బిగించారు. ఆ పద్ధతి 1963లో ప్రచురితమైంది. ఆ గ్లవ్ కొసతో చేసిన ఖాళీ బెలూన్ గడ్డను దాటి వెళ్తుంది, అవతల ఉబ్బుతుంది, వెనక్కి వస్తూ గడ్డను తనతో తెస్తుంది. అంటే ఆ పరికరం అసలు పని చేసేది బయటకు వచ్చేటప్పుడే.

గుండె ధమనుల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1964లో అమెరికన్ రేడియాలజిస్టు చార్లెస్ డాటర్ కాలి రక్తనాళాన్ని అంతకంతకూ లావైన కాథెటర్లతో వెడల్పు చేశారు. నాళం ఎంత వెడల్పు కావాలో, దూర్చే గొట్టం కూడా అంత లావుండాలి. జర్మన్ డాక్టరు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తయారుచేసిన బెలూన్ సన్నగా వెళ్లి, లోపల ఉబ్బి, మళ్లీ సన్నబడి వెనక్కి వచ్చింది. 1977 సెప్టెంబరు 16న జూరిక్‌లో ఆయన మొదటి కరోనరీ యాంజియోప్లాస్టీ, అంటే గుండె ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసే చికిత్స, చేయగలిగారంటే, లోపల ఉబ్బినది మళ్లీ సన్నబడి రావడమే అందుకు ముఖ్య కారణమని నా గట్టి నమ్మకం.

బయటకు వచ్చిన తరువాతి సంగతి కూడా చెప్పాలి. మళ్లీ వాడే పరికరమైతే అది నేరుగా శుభ్రం చేసేవారి చేతికి వెళ్తుంది. పొడవాటి బోలు గొట్టంలో, దవడల కీలులో రక్తం ఎండిపోతే వాళ్లు ఎంత బ్రష్ చేసినా పోదు, అయినా నిందపడేది వాళ్లే. పిడులూ అంతే, చిన్నవైన 6 సైజు గ్లవ్స్ వేసుకునే సర్జన్ వేళ్లు అందని పిడులు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. పొట్ట గోడ దగ్గర పరికరం మీటలా పనిచేస్తుంది కాబట్టి చేయి కుడికి జరిపితే కొన ఎడమకు పోతుంది. ఆ తికమకకు తోడు పిడి కూడా చేతికి పెద్దదైతే రెండు గంటల ఆపరేషన్‌లో బొటనవేలు మొద్దుబారుతుంది. దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసే ఇంజినీర్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక మీరు అడిగిన పేటెంటు సంగతి. బయట ప్రదర్శించినా ప్రచురించినా చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే లెక్క కాబట్టి, గోప్యతా ఒప్పందం మీద సంతకాలు చేయించుకొని, ఒక సర్జన్‌కూ ఒక స్క్రబ్ నర్సుకూ అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ముతక నమూనా చూపించండి. దాన్ని తడి గ్లవ్స్‌తో పట్టుకొని లాగమనండి. దరఖాస్తు ఆ తరువాత రాయండి. మా వలయం మీద వేసిన దరఖాస్తు మాకు దేనికీ పనికిరాలేదు. సంచికి ముదురు నీలం రంగు వేసి, అడుగును గరాటులా సన్నగా చేసి, దారం చివర రెండు వేళ్లు పట్టే ఉంగరం పెట్టి వేసిన రెండో దరఖాస్తే నిలిచింది. మళ్లీ అదే పెట్టెలో పరీక్ష పెట్టినప్పుడు, ఆ నర్సే ట్రేలో 12 పూసలు లెక్కపెట్టారు.